దిగేది ఒక స్టాపులో, ఎక్కేది ఇంకో స్టాపులో

విశాఖపట్నంలో ఆదివారం పొద్దున బీచ్ రోడ్డు నిండా కార్లే. రుషికొండ దాకా వెళ్తారు, పార్కింగ్ కోసం వెతుక్కుంటారు, కాసేపు కాళ్ళు తడుపుకుంటారు, టిఫిన్ తిని వచ్చిన దారినే వెనక్కి వస్తారు. అదే రోడ్డు మీద రైల్వే స్టేషన్ నుంచి భీమిలి దాకా 900కె సిటీ బస్సు తిరుగుతూనే ఉంటుంది. ఆ బస్సు ఆఫీసుకో కాలేజీకో చుట్టాలింటికో వెళ్ళడానికే అనుకుంటాం. సముద్రం పక్కన సగం రోజు నడవడానికి, ఒక కొండెక్కి దిగడానికి అంతకు మించిన సాధనం లేదన్న సంగతి మనకు తట్టదు. ఈ తీరాన్ని కాళ్ళతో చూడాలనుకునేవాళ్ళకు కారు కన్నా బస్సే మేలు. డబ్బు కలిసొస్తుందని మాత్రమే ఈ మాట అనడం లేదు.

కారులో వెళ్తే దాన్ని ఆపిన చోటికే తిరిగి రావాలి. గుంజకు కట్టిన ఆవు తాడు పొడవున్నంత మేరే మేస్తుంది. కారులో వెళ్ళినవాడి నడకా అంతే. రెండు కిలోమీటర్లు వెళ్ళేసరికి, మళ్ళీ ఇంత దూరం వెనక్కి నడవాలి కదా అన్న ఆలోచన మొదలవుతుంది. బస్సులో వెళ్ళినవాడికి ఆ బెంగ లేదు. ఒక స్టాపులో దిగి, ఓపికున్నంత దూరం ముందుకు నడిచి, ఇంకో స్టాపులో ఎక్కవచ్చు. చూసిన దారినే మళ్ళీ చూడక్కర్లేదు.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవాళ్ళలో చాలామంది దిగేటప్పుడు బస్సే ఎక్కుతారు. సామాను కింద ఇచ్చేస్తే దేవస్థానమే ఉచితంగా కొండపైకి చేరుస్తుంది. దారి పొడవునా నీళ్ళుంటాయి, దీపాలుంటాయి, మరుగుదొడ్లుంటాయి. 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయినప్పుడు కూడా దారి మూసెయ్యలేదు. మధ్యాహ్నం తర్వాత పిల్లల్ని పంపకుండా ఆంక్షలు పెట్టి, భక్తుల్ని గుంపులుగా నడిపించారు. విశాఖలోనే చూడండి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమికి ముందు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి లక్షల మంది బయలుదేరుతారు. హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రం దాకా వచ్చి, ఊరు చుట్టి మళ్ళీ కొండ చేరతారు. ఆ రోజు బస్సులు, మంచినీళ్ళు, వైద్య శిబిరాలు అన్నీ ఉంటాయి. ఏటా ఇంతమందిని ఒక్క రాత్రిలో 32 కిలోమీటర్లు నడిపించే ఊరికి నడక రాదని, దారి ఏర్పాట్లు చేతకావని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దేవుడి కోసం నడిచే దారికి చేసిన దాంట్లో పదో వంతు మామూలు నడకదారికి చేయాలని ఇంకా ఎవరికీ తోచలేదు, అంతే.

ఆ దారి ఎక్కడుందంటారా? రుషికొండ నుంచి భీమిలి దాకా సుమారు పదిహేను కిలోమీటర్ల తీరం. నేను దీన్ని ముక్కలు ముక్కలుగా చాలాసార్లు నడిచాను. అన్నిటికన్నా ఇష్టమైన ముక్క తొట్లకొండ. బీచ్ రోడ్డు మీద బస్సు దిగితే పక్కనే కొండ దారి మొదలవుతుంది. పైన, సముద్రానికి 128 మీటర్ల ఎత్తున, రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ ఆరామం ఉంది. రాతిలో తొలిచిన నీటి తొట్లను బట్టే కొండకు ఆ పేరొచ్చింది. 1970ల్లో నౌకాదళం సర్వే చేసేటప్పుడు ఈ చోటు బయటపడింది. తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. కారులో నేరుగా పైదాకా వెళ్ళిపోవచ్చు. కానీ ఇక్కడి భిక్షువులు సముద్రానికి ఇంత దగ్గరగా, అయినా ఇంత ఎత్తున ఎందుకున్నారో కాలినడకన ఎక్కితేనే అర్థమవుతుంది. ఒక్కో మలుపు దగ్గర నీళ్ళు ఇంకాస్త విశాలంగా కనబడతాయి, రోడ్డు చప్పుడు కిందే ఉండిపోతుంది. వర్షాకాలపు నీళ్ళను పట్టి ఏడాదంతా వాడుకున్న ఆ తొట్ల పక్కన, ఎండలో ఎక్కొచ్చిన దాహంతో నిలబడి చూడండి. కొండ కింద మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం ఉంది. ఆటు వేళ దాని దగ్గరికి నడిచి వెళ్ళవచ్చు. పోటు వేళ ఆ రాళ్ళ మీదికి పోకూడదు. ఈ తీరంలో సముద్రం ఏటా ప్రాణాలు తీసుకుంటూనే ఉంది.

అక్కడి నుంచి భీమిలి వైపు పోతే దారిలో నౌకాదళ స్థావరం ఉంది. అక్కడ మనం నడవకూడదు. కారున్నవాడి నడక అక్కడితో సరి. బస్సు నడక మాత్రం ఆగదు. రోడ్డెక్కి చెయ్యెత్తి, ఆ భాగం దాటాక దిగి మళ్ళీ నడక మొదలుపెట్టవచ్చు. దిగగానే ఎర్రమట్టి దిబ్బలు.

ఈ దిబ్బల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వేల ఏళ్ళ కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. ఆ ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి రేణువులకు ఎర్రరంగు పూసింది. తర్వాత వానలు దాన్ని లోతైన గెడ్డలుగా, అంటే వాగులుగా కోశాయి. ఇలాంటి తీరపు ఎర్ర ఇసుక దక్షిణాసియాలో చాలా అరుదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో తిరుమల కొండలతో పాటు ఇది కూడా యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి చేరింది. పేరు వచ్చింది కాబట్టి జనం ఇంకా పెరుగుతారు. ప్రమాదం అక్కడే ఉంది. ఇది రాయి కాదు, గట్టిపడిన ఇసుక. గోడ లాంటి వాలు మీద ఒకడు జారితే పడే గీత మరుసటి వానకు కాలువవుతుంది. వెయ్యి మంది వెయ్యి కార్లలో వస్తే పార్కింగ్ కావాలంటారు, పార్కింగ్ కోసం నేల చదును చేస్తారు. అదే వెయ్యి మందిని బస్సులు రోడ్డు మీద దింపి వెళ్ళిపోతే ఒక్క గజం నేల కూడా చదును చెయ్యక్కర్లేదు. దిబ్బల్ని కాపాడతామని చెప్పే ప్రతి ప్రణాళికలో మొదటి వాక్యం బస్సు గురించే ఉండాలని నా గట్టి అభిప్రాయం. లోపలికి వెళ్ళినవాళ్ళు గెడ్డ అడుగునే నడవాలి, వాలు ఎక్కకూడదు. ఈ మాట రాసిన బోర్డులు దారి పొడవునా కనిపించాలి.

దిబ్బల తర్వాత భీమిలి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ బస్టాండు నుంచి నడిచిపోయే దూరంలోనే ఉన్నాయి. కాసేపు తిరిగి, టీ తాగి, బస్సెక్కి ఊళ్ళోకి వచ్చేయవచ్చు.

ఆ గోస్తనీ పుట్టింది అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల్ని తొలిచింది ఆ నీరే. నది మొదలు దగ్గరికి కూడా మనకు బండి ఉంది. విశాఖ–కిరండూల్ ప్యాసింజర్ పొద్దున్నే బయలుదేరి, పదుల కొద్దీ సొరంగాలు దాటుకుంటూ బొర్రా మీదుగా అరకు వెళ్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసం 1960ల్లో వేసిన లైను ఇది. దీని మీది శిమిలిగూడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ... ఈ పేర్లన్నీ నడకలు మొదలుపెట్టగల చోట్లే. కానీ బండిలోని జనం దాదాపు అంతా అరకులో దిగి ట్యాక్సీ మాట్లాడుకుంటారు. ఏ స్టేషన్ నుంచి ఏ ఊరికి కాలిబాట ఉంది, ఎంతసేపు పడుతుంది, తిరుగు బండి అందుతుందా అన్నది చెప్పే బోర్డు ఉండదు కాబట్టి. బోర్డు లేనిచోట కుర్రాళ్ళు చేసే పని పట్టాల వెంట నడవడం. సొరంగం మధ్యలో బండి వస్తే తప్పుకునే చోటుండదు. పట్టాల మీద నడవడం నేరమని హెచ్చరిస్తే సరిపోదు, పక్కన సరైన కాలిబాట చూపించాలి. ఆ బాటలు గిరిజనుల ఊళ్ళ మధ్య నుంచి పోతాయి. దారి చూపించే పని, దానితో వచ్చే కూలి ఆ ఊళ్ళవాళ్ళకే దక్కాలి.

బయట ఎక్కడైనా ఇది జరిగిందా అంటే, హాంకాంగ్ ఉంది. అంత ఇరుకు ఊళ్ళో నేలలో దాదాపు 40 శాతం కంట్రీ పార్కులకు వదిలేశారు. అక్కడివాళ్ళలో ఎక్కువమందికి సొంత కారు లేదు. అందుకే వాళ్ళ నడకలన్నీ బస్సు నంబరుతోనే మొదలవుతాయి. డ్రాగన్స్ బ్యాక్ అనే కొండ నడకకు షావ్ కీ వాన్ నుంచి 9వ నంబరు బస్సెక్కుతారు, గుట్టల మీదుగా నడిచి అవతల సముద్రపు ఒడ్డున దిగి, అక్కడి నుంచి మినీబస్సులో ఇంటికి. 1979లో తెరిచిన మాక్లిహోస్ బాట 100 కిలోమీటర్లుంటుంది. దాని మీద ప్రతి 500 మీటర్లకు నంబరు వేసిన గుర్తు స్తంభం ఉంది. కాలు మడత పడితే ఆ నంబరు ఫోన్లో చెప్తే చాలు, సాయానికి వచ్చేవాళ్ళు నేరుగా అక్కడికే వస్తారు. ఒక స్తంభం, దాని మీద ఒక నంబరు. ఇందులో మనకు అందని టెక్నాలజీ ఏముంది?

తెలంగాణలోనూ ఇదే లెక్క. భువనగిరికి సికింద్రాబాద్ నుంచి రైలుంది, బస్సులున్నాయి. ఊళ్ళో దిగి నడిస్తే చాళుక్య విక్రమాదిత్యుడు ఏకశిల మీద కట్టించిన కోట. హాయిగా సగం రోజు గడుస్తుంది. వికారాబాద్‌కూ రైళ్ళకు కొదవ లేదు, కానీ స్టేషన్ నుంచి అక్కడి అనంతగిరి కొండలకు (అరకు దారిలోవి కావు, పేరొకటే) ఐదారు కిలోమీటర్లుంది. ఆదివారం ఆ కాస్త దూరానికి ఏం దొరుకుతుందో తెలియక హైదరాబాద్ నుంచే కారు తీస్తారు. ఐదు కిలోమీటర్ల అనుమానం డెబ్భై కిలోమీటర్ల ట్రాఫిక్‌గా మారుతోంది. రైలు వేళలకు సరిపోయేలా శని, ఆదివారాలు రెండు మినీబస్సులు తిప్పితే ఆ కొండల మీద ఇంత రద్దీ ఉండదు.

ట్రెక్కింగ్ అనగానే ఖరీదైన బూట్లు, వాట్సాప్ గ్రూపు, టెంపో ట్రావెలర్, మనిషికి ఇంతని ప్యాకేజీ గుర్తొస్తాయి. దాంతో నడక డబ్బున్న కుర్రాళ్ళ వ్యవహారమైపోయింది. ఇప్పుడు దాన్ని మార్చే అవకాశం వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి అమల్లోకి వచ్చాయి. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకు జీరో టికెట్. అంటే గాజువాకలో ఇళ్ళల్లో పనిచేసే మనిషి కూడా సెలవు రోజున పైసా ఖర్చు లేకుండా తొట్లకొండ కిందికి చేరవచ్చు. ఉచిత బస్సు మీద జరిగే చర్చంతా ఉద్యోగం, ఆసుపత్రి, పుణ్యక్షేత్రం చుట్టూనే తిరుగుతోంది. ఊరికే సముద్రం చూడటానికి, కొండ మీద గాలి పీల్చడానికి వెళ్ళడం కూడా ఆడవాళ్ళ హక్కేనని ఎవరూ గట్టిగా అనడం లేదు. నేను అంటున్నాను.

టికెట్ లేదు సరే, టెన్షన్ ఉంది. వెళ్ళడం గురించి కాదు, తిరిగి రావడం గురించి. పోయిన డిసెంబర్లో దిబ్బల దగ్గర నాలుగింటికి ఇద్దరు ఆడవాళ్ళు హడావిడిగా రోడ్డు మీదికి వస్తుంటే అడిగాను, ఇంకా వెలుతురుంది కదమ్మా అని. "బస్సు ఎప్పుడొస్తదో తెలీదు కదండీ, చీకటి పడితే ఎలాగ?" అన్నారు. అంతకు పావుగంట ముందే ఒక బస్సు వెళ్ళింది, ఇంకో పావుగంటకు మరొకటి వచ్చింది. అది వాళ్ళకు తెలిసే మార్గం లేదు. మన చాలా స్టాపుల్లో వేళల పట్టిక ఉండదు, నీడ ఉండదు, రాత్రి దీపం ఉండదు.

రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, దిబ్బలు, భీమిలి. ఐదు స్టాపులు. ఒక్కోచోట ఒక షెడ్డు, ఒక దీపం, ఒక మరుగుదొడ్డి, తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు. తర్వాతి స్టాపుకు నడిస్తే ఎంతసేపు, దారిలో ఎక్కడ నడవకూడదు, ఈరోజు ఆటు ఎన్నింటికి. జాలరి ఊళ్ళ ఒడ్డున ఆరబెట్టిన చేపల మధ్య నుంచి, విప్పిన వలల మీద నుంచి నడవొద్దని కూడా రాయాలి, అది వాళ్ళ పని చోటు. బోర్డు అన్నిటికన్నా పైన, దూరం నుంచే కనబడేలా, భీమిలి నుంచి ఊళ్ళోకి ఆఖరి బస్సు ఎన్నింటికో రాయాలి.