కాలనాగు

పిల్లల పత్రిక సంపాదకుడు ఫోన్ చేసి ధారావాహిక రాయమన్నప్పుడు నా మనసు తిన్నగా మర్రిచెట్టు తొర్రలోకే పోయింది. అందులో ఒక రాకుమారిని కూర్చోబెడితే ఆరు నెలలు లాగించగలను. జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా సంధులూ సమాసాలూ చెప్పుకుంటున్నవాడికి అంతకు మించి ఏం వస్తుంది? ఆయన మాత్రం, "తొర్రలొద్దు మాస్టారూ, ఇప్పటి పిల్లలు చదవరు. పదిహేనేళ్ల హ్యాకర్ కావాలి. ఆరు భాగాలు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, చివర్లో వాడు చేసినదానికి అనుభవించి తీరాలి. లేకపోతే తల్లిదండ్రులు చందా మానేస్తారు" అన్నాడు.

అలా పుట్టాడు విక్కీ. పగలు పదో తరగతి, రాత్రి హ్యాకరు. రాత్రిపూట వాడి పేరు కాలనాగు. మొదటి భాగంలోనే వాడు మీట నొక్కగానే తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వానలా కురిసి, బ్యాంకు కంప్యూటరు ఢామ్మని పేలిపోయింది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి అది చూసి, "ఏంటి నాన్నా, దీపావళి సంచికకా?" అని అడిగింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజం హ్యాకర్ల గురించి చదవడం మొదలుపెట్టాను.

చదివితే తెలిసింది, నిజం నా కథకన్నా బాగుంది. 2000 ఫిబ్రవరిలో కెనడాలోని మాంట్రియల్ దగ్గర పదిహేనేళ్ల కుర్రాడొకడు, మాఫియాబాయ్ అని పేరు పెట్టుకుని, యాహూ, అమెజాన్, ఈబే, సీఎన్ఎన్, డెల్ వెబ్‌సైట్లను వారం తిరక్కుండా వరసగా పడుకోబెట్టాడు. చేసిందేమీ బ్రహ్మవిద్య కాదు. ఎవరెవరివో కంప్యూటర్లు గుప్పిట్లో పెట్టుకుని, అన్నిటిచేతా ఒకేసారి ఒకే తలుపు కొట్టించాడు. ఊరు ఊరంతా రేషన్ షాపు ముందు చేరి, ఏమీ కొనకుండా "పంచదార వచ్చిందా, పంచదార వచ్చిందా" అంటూ నిలబడితే నిజంగా కార్డు పట్టుకొచ్చిన ముసలమ్మకి సరుకు ఎలా అందుతుంది? అదీ వాడి విద్య. వాడు దొరకడానికి పెద్ద కారణం వాడి నోరే. చాట్ గదుల్లో కూర్చుని ఫలానాది నేనే, ఫలానాది నేనే అని కోసుకున్నాడు. ఎనిమిది నెలలు బాలనేరస్థుల నిర్బంధంలో గడిపాడు.

అంతకుముందు 1988లో కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన పురుగు ఇంకో కథ. దానికదే కంప్యూటరు నుంచి కంప్యూటరుకి పాకుతుంది. ఒకసారి దూరిన చోట మళ్లీ మళ్లీ దూరుతూ ఇంటర్నెట్టునే ఊపిరాడకుండా చేసింది. అతనికి జైలు పడలేదు కానీ మూడేళ్లు ప్రొబేషను, 10,050 డాలర్ల జరిమానా, 400 గంటల సమాజసేవ వేశారు. ఇంతకీ ఆ అబ్బాయి తండ్రి ఎవరనుకున్నారు? అమెరికా జాతీయ భద్రతా సంస్థలో కంప్యూటర్ల భద్రత చూసే పెద్ద శాస్త్రవేత్త! ఆ తండ్రి అవస్థ తలుచుకుంటే నాకు గుండె తరుక్కుపోయింది. తెలుగు మాస్టారి కొడుకు అచ్చుతప్పులతో ప్రేమలేఖ రాసి దొరికిపోయినట్టు.

ఆ 400 గంటలు నాకు తెగ నచ్చి, విక్కీకి కూడా అదే శిక్ష ఖాయం చేసేశాను. మన చట్టమూ తిరగేశాను. పద్దెనిమిది నిండనివాడు కాబట్టి జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తాడు. మందలించి పంపొచ్చు, సమాజసేవ చేయించొచ్చు, జరిమానా వేసి తల్లిదండ్రులచేత కట్టించొచ్చు. అన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాను. అదే కాగితం చివర, పెద్దవాళ్లకైతే ఐటీ చట్టం 66వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ అని కూడా రాశాను. పెద్దవాళ్లతో నా కథకి పని లేదు కాబట్టి ఆ వాక్యం పెన్సిల్‌తో రాశాను.

నాలుగో భాగంలో విక్కీ పక్కింట్లో వై-ఫై పంచే పెట్టెలోకి, అదే రౌటర్లోకి, దూరి, వై-ఫై పేరు "కాలనాగు" అని మార్చి, పాస్‌వర్డ్ కూడా మార్చేస్తాడు. ఆ వై-ఫైకి తగులుకున్నాక రౌటరు చిరునామా 192.168.1.1 అని కొట్టి, పేరు దగ్గరా పాస్‌వర్డ్ దగ్గరా 'అడ్మిన్' అని పెడితే చాలు, తెరుచుకుంటుంది. కొన్ననాటి తాళంచెవి మార్చకపోతే ఏమవుతుందో పిల్లలకి చెప్పినట్టూ ఉంటుంది. మా అమ్మాయి పెదవి విరిచింది. "అడ్మిన్, అడ్మిన్‌తో ఈ రోజుల్లో ఏ రౌటరూ తెరుచుకోదు నాన్నా. చదివేవాళ్లు నవ్వుతారు."

మళ్లీ గుచ్చుకుంది. మన రౌటరు మీదే చేసి చూస్తే పోలా అనుకున్నాను.

శనివారం రాత్రి. వెనక గదిలో కూర్చుని 192.168.1.1 కొట్టాను. అడ్మిన్, అడ్మిన్. తెరుచుకుంది! ఒళ్లు జలదరించింది. యాభై రెండేళ్ల వయసులో మొదటిసారి నా వేళ్లకి విషం ఉందనిపించింది. పేరు దగ్గర కాలనాగు అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. పాస్‌వర్డు విక్కీ స్థాయికి తగ్గట్టు ఎవరూ ఊహించలేనిది పెట్టాను. అంకెలు, చుక్కలు, మధ్యలో నా మొదటి కవితలోని అయిదు అక్షరాలు. సేవ్ అని నొక్కాను. ల్యాపుటాపులో నెట్టు ఒక క్షణం పోయి, మళ్లీ వచ్చేసింది. మా అమ్మాయిని పిలిచి "నెట్టు వస్తోందా?" అంటే "ఎందుకు రాదు?" అంది. హాల్లో టీవీ కూడా శుభ్రంగా నడుస్తోంది. ఓహో, మారలేదన్నమాట అనుకుని, కొంచెం నిరాశగా, ఆ భాగాన్ని అలాగే ముగించి ప్రింటు తీశాను.

అప్పుడే పై నుంచి "అయ్యో అయ్యో!" అని కేక వినిపించింది.

మా పై అంతస్తులో రిటైర్డ్ సబ్ ట్రెజరీ ఆఫీసరు ఉంటారు. పటమటలోని మా అపార్టుమెంటులో అందరికీ ఆయన ఎస్టీఓ గారే. పోయిన వానాకాలం మా వీధిలో కాలవ తవ్వేవాళ్లు కేబుల్ తెంపితే వారం రోజులు మాకు నెట్టు లేదు. అప్పుడు ఆ మహానుభావుడే స్వయంగా కిందికి వచ్చి, "మాది వాడుకోండి మాస్టారూ" అని నా ల్యాపుటాపులో తన పాస్‌వర్డు కొట్టి వెళ్లారు. నేను మర్చిపోయాను. ల్యాపుటాపు మర్చిపోలేదు. వెనక గదికి మా హాల్లోని రౌటరుకన్నా ఆయన రౌటరే దగ్గర. ల్యాపుటాపు నాకు చెప్పకుండా ఎప్పటికప్పుడు పై ఇంటికే అతుక్కుంటోంది. ఆ పై రౌటరు పేరు మారిపోగానే, ఏమీ ఎరగనట్టు మా దాంట్లోకి వచ్చి కూర్చుంది.

ఇదంతా నాకు అప్పుడు తెలీదు. తెల్లారి ఎస్టీఓ గారే తలుపు కొట్టారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మాస్టారూ, మీరు హ్యాకింగ్ కథ రాస్తున్నారుగా. ఒకసారి పైకి రండి. మమ్మల్ని ఎవడో కొట్టాడు."

వెళ్లాను. కాఫీ ఇచ్చారు. జరిగింది చెప్పారు.

డల్లాస్‌లో మనవడి అన్నప్రాశన. అక్కడ పొద్దున పది, ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. ఇంట్లో వై-ఫై ఉండగా ఫోనుకి డేటా దండగని మాటల రీచార్జి మాత్రమే వేయించుకునే ట్రెజరీ మనిషాయన. ట్యాబు ముందు భార్యాభర్తలిద్దరూ పట్టుబట్టలు కట్టుకుని కూర్చున్నారు. చంటివాడి ముందు చాప మీద పుస్తకం, కలం, బంగారు గొలుసు, కత్తి, డాలరు నోట్ల కట్ట పరిచారు. వాడు పాకాడు. పుస్తకం దాటాడు. కలానికీ కత్తికీ మధ్య చెయ్యి లేపాడు. అంతే, బొమ్మ ఆగిపోయింది. గుండ్రంగా ఒక చక్రం తిరుగుతూ కూర్చుంది.

"కలమో కత్తో రాత్రంతా నిద్ర లేదు మాస్టారూ" అన్నారు ఆయన భార్య, మా పిన్నిగారు.

"మీ కోడలుగారికి మామూలు ఫోను చేసి..."

"చేశామండీ, చెయ్యగానే మోగింది. కానీ 'కత్తి పట్టుకున్నాడా' అని నోరారా ఎలా అడుగుతామండీ?"

ఎస్టీఓ గారు ఫోనులో వై-ఫై జాబితా తెరిచి నా ముఖం ముందు పెట్టారు. నాలుగు గీతల నిండు సిగ్నలుతో అన్నిటికన్నా పైన ఉంది: కాలనాగు.

కాఫీ గొంతులో అడ్డం పడింది.

"పేరు చూశారా? ఇది మామూలు ముఠా కాదు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేద్దామనుకుంటున్నా."

"అది డబ్బు పోయినప్పుడండీ" అన్నాను గబగబా. గోడ మీది కాగితంలో పెన్సిల్ వాక్యం కళ్ల ముందు ఆడింది. పద్దెనిమిది దాటి ముప్ఫై నాలుగేళ్లయిన నాకు ఏ బోర్డూ లేదు. ఒకవేళ ఉన్నా జరిమానా తల్లిదండ్రులు కట్టాలి. మా అమ్మకి డెబ్బై ఎనిమిది.

రౌటరు ముందు మఠం వేసుకుని, పరీక్షిస్తున్నట్టు దాన్ని తిప్పి చూశాను. గుట్టుగా పాత పేరు పెట్టేసి లేచిపోతే సరి. కానీ లోపలికి వెళ్లాలంటే ముందు కొత్త పాస్‌వర్డు కావాలి. మొదటి కవితలోని అయిదు అక్షరాలు గుర్తున్నాయి. చుక్కలు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. తొమ్మిదిసార్లు కొట్టాను. "ఎంత ఓపికండీ మీకు" అని పిన్నిగారు ఉప్మా పెట్టారు. చివరికి వెనక ఉన్న చిన్న బొక్కలో పిన్నీసు గుచ్చి పట్టుకున్నాను. లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి. కాలనాగు చచ్చింది. దాంతో పాటు నెట్టు కంపెనీవాళ్ల లాగిన్ కూడా చెరిగిపోయింది. ఇప్పుడు వై-ఫై ఉంది, నెట్టు లేదు. కేబుల్ అబ్బాయి వస్తే తప్ప రాదు. ఆదివారం వాడు రాడు.

పరిశోధన అక్కడితో ఆపి లేవబోతుంటే మా అమ్మాయి వచ్చింది, చేతిలో కాగితాలతో. నేను రాసే ప్రతి భాగమూ పత్రికకన్నా ముందు పిన్నిగారు చదవాల్సిందే. అది మా ఇంటి ఆనవాయితీ.

"ఆంటీ, నాలుగో భాగం" అంది.

నేను సైగ చేశాను. అది చూడలేదు. చూసినా అర్థం చేసుకునే రకం కాదు. పిన్నిగారు కళ్లజోడు పెట్టుకుని, భర్తకి వినబడేలా పైకి చదవడం మొదలుపెట్టారు. "'ఆ రాత్రి పక్కింటివాళ్ల వై-ఫైకి కొత్త పేరు పుట్టింది. విక్కీ పెదవుల మీద చిరునవ్వు. కాలనాగు...'"

అక్కడ ఆపారు. కళ్లజోడు మీదుగా నన్ను చూశారు. ఎస్టీఓ గారు ఫోను వైపు చూసి, కాగితం వైపు చూసి, నా చేతిలోని పిన్నీసు వైపు చూశారు. మాంట్రియల్ కుర్రాడు కనీసం చాట్ గదిలో కోసుకున్నాడు. నేను ప్రింటు తీసి, పిన్ను కొట్టి, కూతురిచేత ఇంటికి పంపించాను.

మొత్తం చెప్పేశాను. ఎస్టీఓ గారు చాలాసేపు మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్లు బిల్లులకి అభ్యంతరాలు రాసిన మనిషి, ఎక్కడ సంతకం పెట్టాలా అని ఆలోచిస్తున్నట్టు కూర్చున్నారు. ఇంతలో డల్లాస్ నుంచి మామూలు ఫోను వచ్చింది. మనవడు కలమూ పట్టుకోలేదు, కత్తీ పట్టుకోలేదట. అన్నిటినీ దాటుకుని పోయి, ఎదురుగా వీడియో కాల్ కోసం నిలబెట్టిన ఫోను లాక్కుని నోట్లో పెట్టుకున్నాడట.

"హ్యాకరవుతాడేమో" అని పిన్నిగారు నవ్వేశారు. ఆయన నవ్వలేదు. మా అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, మీ నాన్నగారి కథలో ఆ పిల్లాడికి ఏం శిక్ష వేశారు?" అని అడిగారు.

"నాలుగు వందల గంటలు అంకుల్. సమాజసేవ" అంది నా కడుపున పుట్టిన పిల్ల.

ఇప్పుడు నేను రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా అపార్టుమెంటులోని పెద్దవాళ్లకి ఫోన్లు బాగుచేస్తాను. పిన్నిగారి ఫోనులో మూడు వేల శుభోదయాలు చెరిపాను. రెండో అంతస్తు మామ్మగారికి ఫోను నిండా అక్షరాలు పెద్దవి చేశాను. ఇప్పుడు ఒక మాట చదవాలంటే మూడుసార్లు జరపాలి. మా అమ్మాయి లెక్క రాస్తుంది, ఎస్టీఓ గారు కింద ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెడతారు. గంటకి అయిదు నిమిషాలు తక్కువైనా ఆ రోజు లెక్కలోకి రాదు. నిన్నటికి పంతొమ్మిది గంటలయ్యాయి.

సోమవారం కేబుల్ అబ్బాయి వచ్చి పై ఇంట్లో నెట్టు పెట్టి వెళ్లాడు. కొత్త పాస్‌వర్డు ఏమిటో నాకు తెలీదు. పేరు మాత్రం మా వెనక గదిలో ఎప్పుడు ల్యాపుటాపు తెరిచినా నాలుగు గీతలతో అన్నిటికన్నా పైనే కనిపిస్తుంది: "మాస్టారి దయ".