వజ్రానికీ ఆల్టోకీ ఒకటే సెక్షన్

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ విప్పి వారాల తరబడి పడున్న కారుని చూసి జాలిపడకండి, అది చట్టబద్ధంగా పడుంది. మనమేమో "చూసి చెయ్యన్నా" అని తాళం మెకానిక్ చేతిలో పెట్టి వచ్చేస్తాం. ఎస్టిమేట్ కాగితం అడిగితే అన్న ఏమనుకుంటాడో అని మొహమాటం. బిల్లు చూశాక మాత్రం అందరం లాయర్లమే, "నా బండి ఆపడానికి వీడెవడు?"

వాడెవడో, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షన్ చెప్తుంది. బెంజ్ కారుకి పేటెంటు రావడానికి ఇంకా పద్నాలుగేళ్లుంది, అయినా మన మెకానిక్ హక్కు అప్పటికే రాసిపెట్టారు: అప్పగించిన వస్తువు మీద శ్రమో నైపుణ్యమో పెట్టినవాడు, కూలి అందేదాకా దాన్ని తన దగ్గరే ఉంచుకోవచ్చు. చట్టం చూపించిన ఉదాహరణ సానపట్టిన వజ్రం. సైలెన్సర్‌ని తీగతో కట్టుకు తిరిగే మన ఆల్టోకి ఇంతటి గౌరవం ఇంకెవరిస్తారు?

అయితే మెకానిక్‌లు కూడా అప్పుడే సంబరపడొద్దు. చట్టంలో ఆ వజ్రం ఉదాహరణ పక్కనే దర్జీ ఉన్నాడు. కోటు కుట్టి ఇచ్చేస్తా, డబ్బు మూడు నెలల తర్వాత ఇవ్వండి అని ఒప్పుకున్నాడు కాబట్టి కోటు ఆపే హక్కు ఆయనకి లేదు. "సర్లెండి సార్, జీతం పడ్డాకే ఇవ్వండి" అని ముందే మాటిచ్చిన మెకానిక్‌దీ అదే గతి. బండి గేటు దాటనిచ్చినా అంతే, ఇక డబ్బు కోసం ఫోన్లు చేసుకోవడమే, అవి మనం ఎత్తం. పోయినేడాది క్లచ్ ప్లేట్ల బాకీకి ఈ ఏడాది బ్రేకుల కోసం వచ్చిన బండిని పట్టుకోవడమూ కుదరదు. పాత బాకీలకీ సరుకు ఆపుకునే వైభోగం 171వ సెక్షన్ ఇచ్చింది బ్యాంకులకీ, హైకోర్టు అటార్నీలకీ, ఇంకో రెండు మూడు రకాల పెద్దలకీ (చట్టాలు రాసేది మెకానిక్‌లు కాదు కదా).

పోనీ అమ్మేసుకుందామా అంటే, నోటీసిచ్చి అమ్ముకునే హక్కు తాకట్టు పెట్టుకున్నవాడికుంది, రిపేరు చేసినవాడికి ఈ సెక్షన్లో లేదు. మనం వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, ఐదు లక్షల్లోపు అయితే ఫీజు కూడా లేదు, కానీ మన దగ్గరున్న ఒకే సాక్ష్యం "కానిచ్చెయ్ అన్నా" అన్న వాట్సాప్ వాయిస్ మెసేజ్.

ఈలోగా ఎలకలు వైరింగ్ కొరికేస్తే, సరిగ్గా చూసుకోలేదని 151వ సెక్షన్ పట్టుకుని మనం ఎగరొచ్చు. ఆ గొడవ తేలేలోపు కొత్త వైరింగ్ కూడా ఆయన్నే వెయ్యమంటాం, ఎస్టిమేట్ అడగం, ఆ బిల్లుకి మళ్లీ 170.