గోటోలు పీకిండ్రు, లొల్లి మిగిలింది

లినక్స్ కర్నెల్‌ల డ్రైవర్ (ఒక పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) కోడ్ సాపు చేస్తమని వచ్చెటోళ్లు ముందుగాల చేసే పని ఒక్కటే: ప్రోబ్ ఫంక్షన్‌ల (పరికరం దొరికినప్పుడు కర్నెల్ పిలిచేది) ఉన్న గోటోలన్ని (తప్పు వస్తే సాపు చేసే లైన్లకు దుంకేటియి) పీకేసి, కనపడ్డ కాల్‌కల్లా ముంగట డెవ్‌ఎం (తీసుకున్నదాన్ని కర్నెలే విడుదల చేసే రకం) తగిలించుడు. పాత ప్రోబ్ మన పిల్లలమర్రి లెక్క పెరిగి, మొదలేదో ఊడేదో తెల్వకుంట ఉన్న మాట నిజమే. గని సగం మార్చి సగం ఇడిసిపెడితే ఎట్లనయ్యా?

డెవ్‌ఎంతోని తీసుకున్నయి రిమూవ్ (డ్రైవర్‌ను దించేటప్పుడు నడిచే ఫంక్షన్) అయిపోయినంక, తీసుకున్న వరుసకు ఉల్టా విడుదలైతయి. గిట్ల సగం మార్చినదాంట్ల ఇంటరప్టేమో (పరికరం ప్రాసెసర్‌కు కొట్టే గంట) డెవ్‌ఎం_రిక్వెస్ట్_ఐఆర్‌క్యూతోని, బఫర్ మెమరీయేమో మామూలు కేజెడ్‌అలాక్‌తోని తీసుకుండ్రు. రిమూవ్‌ల కేఫ్రీ కొట్టి ఆ మెమరీ ఇడిసిండ్రు. ఇంటరప్ట్ ఇంకా బతికే ఉన్నది! ఆ సందుల ఒక్కటి మోగితే హ్యాండ్లర్ (ఇంటరప్ట్‌కు జవాబిచ్చే ఫంక్షన్) పోయి ఇడిసిన మెమరీల చెయ్యి పెడతది. బోరు మోటరుకు కరెంట్ బంద్ చెయ్యకుంట స్టార్టర్ డబ్బ ఇప్పినట్టే. టేబుల్ మీద మాడ్యూల్‌ను ఎన్నిసార్లు ఎక్కించి దించినా ఏం కానట్టే ఉంటది. షేర్డ్ లైన్ (పలు పరికరాలు పంచుకునే ఇంటరప్ట్) అయితే మెమరీ తప్పులు పట్టే కేఏశాన్‌తోపాటు కాన్ఫిగ్_డీబగ్_షర్క్ ఆన్ చేసి చూడుండ్రి. హ్యాండ్లర్‌ను తీసేటప్పుడు అది కావాలనే ఒకసారి పిలుస్తది, దొంగ దొరుకుతడు. బఫర్‌ను కూడ డెవ్‌ఎం చేసి ఇంటరప్ట్ కన్న ముందు తీసుకోవాలె, లేకుంటే రిమూవ్‌ల మొదలు డెవ్‌ఎం_ఫ్రీ_ఐఆర్‌క్యూ, తర్వాతనే కేఫ్రీ.

ఇంకోటి. క్లాక్ దొరకకుంటే వచ్చిన మైనస్ 517ను, అదే ఈప్రోబ్_డిఫర్‌ను (తర్వాత మల్ల పిలువుమనే జవాబు), మైనస్ ఈనోడెవ్ (పరికరమే లేదనే జవాబు) చేసి పంపుడు. క్లాక్ డ్రైవర్ తర్వాత వచ్చినా ఈ డ్రైవర్‌ను కర్నెల్ మల్ల పిలువదు.

ఇవన్ని ట్యాబుల సవరింపుతోని కలిపి ఒక్కటే ప్యాచ్! బైసెక్ట్ (తప్పు ఏ ప్యాచ్‌తోని వచ్చిందో సగం సగం చేసి వెతుకుడు) కొడితే దాని మీదనే ఆగుతది, ఏ లైనో మాత్రం చెప్పదు.