'ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం' గారి సముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం రివాజు. మీరెప్పుడూ కుశలమే. ఇక్కడ బల్ల మీద వెల్లకిలా పడి ఉన్న ల్యాప్‌టాప్ మదర్‌బోర్డే కుశలంగా లేదు. నీళ్లు పడి పోయిందని రసీదు మీద రాసి ఉంది. రాసినవాళ్లకు తెలియక కాదు, మీ పేరు రాయడానికి రసీదులో గడి లేక.

గ్లాసు ఒలికిన ప్రతి ఇంట్లోనూ తమరి రాక ఒకేలా ఉంటుంది. ముందు ఒక 'అయ్యయ్యో'. వెనకే తువ్వాలు. పైపైన అద్ది, కీల మీద తడి కనబడకపోయేసరికి చూపుడువేలు పవర్ బటన్ వైపు జరుగుతుంది. 'ఉందో పోయిందో తెలియాలిగా' అంటారు మీరు. తెలుస్తుంది లెండి. అప్పటిదాకా ఉన్నది, మీరు తెలుసుకోబోయేసరికి పోతుంది. రిపేరుకని బ్యాగులో పెట్టుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాల భవనం సీటీసీ మెట్లు ఎక్కేలోపు, దారిలో మరో రెండుసార్లు వచ్చి వెళతారు.

ముందుగా నీళ్ల మీద నింద తీసేయాలి. కరెంటు లేని బోర్డును నీళ్లు అంత తేలిగ్గా చంపలేవు. చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిన్న చిన్న భాగాలనే బాగుచేసే పని, చేసేవాళ్లు తడిసిన బోర్డును విప్పదీసి, మళ్లీ కావాలనే ద్రవంలో ముంచుతారు. అల్ట్రాసోనిక్ తొట్టెలో, సెకనుకు 40 వేల అదురుల మధ్య, ఐసీల (చిప్పుల) కిందున్న మురికి వదిలేదాకా స్నానం చేయిస్తారు. బాగా ఆరాక ఆ బోర్డు లేచి కూర్చున్న సందర్భాలు బోలెడు. ఎందుకంటే ఆ తొట్టెలో దానితోపాటు బ్యాటరీ ఉండదు, గుండీ సెల్లు ఉండదు, మీరు ఉండరు.

కరెంటు ఉన్నప్పటి తడి సంగతి వేరు. బోరు నీళ్లలో లవణాలు, మజ్జిగలో ఉప్పు. బోర్డు మీది చిప్పుల పక్కపక్క కాళ్ల మధ్య ఎడం అర మిల్లీమీటరు కూడా లేని చోట్లు ఎన్నో. ఒక కాలికి చార్జర్ నుంచి వచ్చే 19 వోల్టులు, పక్కదానికి సున్నా, మధ్యలో ఒక్క బొట్టు. ఎక్కువ వోల్టేజీ ఉన్న కాలి నుంచి లోహం కరిగి బొట్టులోకి దిగుతుంది. మైక్రోస్కోపు కింద పెడితే కెపాసిటర్ (కరెంటును కాసేపు దాచుకునే చిన్న భాగం) చివర్ల చుట్టూ తెల్లటి పొక్కులు, రాగి గీతల వెంట పచ్చటి చిలుము. అమ్మమ్మ వాళ్లింట్లో అటక మీది రాగి చెంబుకు పట్టిన చిలుముకు చుట్టమే ఇది. చెంబుకు పట్టడానికి నెలలు కావాలి, వోల్టేజీ తోడైతే బోర్డుకు గంటలు చాలు. చింతపండు పెట్టి తోమేద్దామంటే ఇక్కడి గీత వెంట్రుకంత.

'షట్‌డౌన్ చేసే ఉంచాను కదండీ' అంటారు మీ శిష్యులు. షట్‌డౌన్ అయిన ల్యాప్‌టాప్ నిద్ర నటిస్తుంది. బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ లోపల 3.3 వోల్టులదో 5 వోల్టులదో ఒక లైను మేలుకొనే ఉంటుంది. దేనికంటారా? తమరు వచ్చి బటన్ నొక్కుతారేమోనని కనిపెట్టుకుని ఉండటానికే. మీరు నొక్కగానే మిగతా లైన్లన్నీ వరసగా లేస్తాయి. ప్రాసెసర్‌కు కావాల్సింది 1 వోల్టు అటూ ఇటూ. దానికి ఆ ఒక్క వోల్టు వండిపెట్టే సర్క్యూట్‌కు పక్కనుంచే 19 వోల్టులు వస్తాయి. ఈ రెంటికీ మధ్య బొట్టు వంతెన వేసిందా, ప్రాసెసర్ పని సరి. నీళ్లు పడటం గోరుచుట్టు, తమరు రోకటి పోటు.

మీ బంధువర్గం గురించి కూడా కాస్త చెప్పాలి. బియ్యం డబ్బా గారు మీకు వరసకు ఏమవుతారో గానీ, మీకోసం యంత్రాన్ని ఒక రాత్రి తన దగ్గర అట్టిపెడతారు. గింజలు చుట్టూ ఉన్న తేమను కొంచెం పీల్చినా, మూతలు బిగించిన ల్యాప్‌టాప్ లోపల, ఐసీ కింద దాక్కున్న బొట్టును బయటికి పిలవలేవు. పైగా తవుడు. ఐఫోన్ తడిస్తే బియ్యం సంచిలో పెట్టొద్దని, సన్నటి బియ్యపు రేణువులు ఫోన్‌ను పాడుచేయవచ్చని ఆపిల్ సంస్థే 2024లో రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది. హెయిర్ డ్రయ్యర్ గారిది ఇంకో చాదస్తం. సందుల్లోని నీటిని వేడిగాలితో ఇంకా లోపలికి తోసి, పనిలో పనిగా కీలను వంకర చేస్తారు. డాబా మీది మే నెల ఎండ గారైతే బ్యాటరీనీ తెరనూ కలిపి వేపుతారు. వీళ్లు ముగ్గురూ ఆరబెడతారే గానీ కడగరు. నీళ్లు వెళ్లిపోయినా లవణాలూ పంచదారా ఇల్లరికం వచ్చిన అల్లుళ్లలా అక్కడే ఉంటాయి, ముసురు పట్టి గాలిలో తేమ పెరగ్గానే మళ్లీ పని మొదలుపెడతాయి. 'మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచి ఉన్నట్టుండి ఆగిపోయింది' అని వచ్చే కేసులు చాలావరకు ఇవే.

సరే, గ్లాసు ఒలికింది. మీరు గుమ్మం బయట ఉండండి. పొడి చేత్తో గోడ స్విచ్ ఆపి, ఆ తర్వాత చార్జర్ పిన్ను లాగాలి. పవర్ బటన్‌ను 10 సెకన్లు, తెర నల్లబడేదాకా అదిమి పట్టాలి. ఆ బటన్‌కు ఆర్పే పని కూడా ఉందని తమరికి ఎవరూ చెప్పి ఉండరు. 'అప్‌డేట్ అవుతోంది, ఆపకండి' అన్న తెర ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిన సమయం కాదిది. మౌస్, పెన్‌డ్రైవ్ తీసేసి, మూత వీలైనంత తెరిచి, తువ్వాలు మీద గుడారంలా నిలబెట్టాలి. కీబోర్డు ముఖం కిందికి, మడత బందు పైకి. ఊపకూడదు, దులపకూడదు. కడుపులో చల్ల కదలకుండా అన్నమాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: ఊపితే కీబోర్డులోని మజ్జిగ తెర అంచుల్లోకి పోతుంది, లోపలి పొరల మధ్య మరక పడితే పైనుంచి ఎంత తుడిచినా పోదు.

తర్వాత బ్యాటరీ. పాత యంత్రాల్లో అడుగున రెండు గొళ్లేలు జరిపితే చేతిలోకి వచ్చేది. ఇప్పుడు అడుగు మూత విప్పాలి. చాలా వాటికి పీహెచ్ 0 లేదా పీహెచ్ 00 స్టార్ స్క్రూడ్రైవర్ సరిపోతుంది, మ్యాక్‌బుక్‌కు పెంటాలోబ్ పీ5 కావాలి. రబ్బరు కాళ్ల కింద దాగిన స్క్రూలు మరిచి లాగితే మూత పగులుతుంది. అన్ని స్క్రూలూ ఒక పొడవు ఉండవు. కాగితం మీద మూత బొమ్మ గీసి ఏ స్క్రూ అక్కడే గుచ్చుకోవాలి, లేకపోతే పొట్టిదాని చోట పొడుగుది బిగించి అవతలి వైపు పొడుచుకొచ్చేలా చేస్తారు. కనెక్టర్‌ను తీగలు పట్టి లాగకుండా, గోరుతోనో ప్లాస్టిక్ కార్డు మూలతోనో తలను కదిపి తీయాలి. బ్యాటరీ ఉబ్బినా, వేడెక్కినా, తియ్యటి ఘాటు వాసన వేసినా గుచ్చకుండా ఆరుబయటికి చేర్చాలి, దానికి మళ్లీ చార్జింగ్ లేదు. వారంటీ ఉన్నవాళ్లు మాత్రం మూత ముట్టకుండా సర్వీస్ సెంటర్‌కు వెళ్లడం మేలు. అక్కడ 'నీళ్లేం పడలేదండీ' అని బొంకి లాభం లేదు. చాలా యంత్రాల్లో తడి తగిలితే ఎర్రబడే తెల్ల చుక్కలు అంటించే ఉంటాయి. మామూలు వారంటీ నీటికి వర్తించదు, ప్రమాద రక్షణ విడిగా కొన్నారేమో చూసుకోవాలి.

ఇక కడగడం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్షు, దగ్గర్లో మంట లేని చోటు. మీ శిష్యులు ఈ దశలో శానిటైజర్ సీసా పట్టుకొస్తారు. అందులో నీళ్లుంటాయి, గ్లిసరిన్ లాంటివీ ఉంటాయి, జిగురు మిగులుతుంది. ఇంకో కిటుకు: పంచదార ఐసోప్రొపైల్‌లో దాదాపు కరగదు. టీ, కాఫీ, కూల్‌డ్రింకు పడిన బోర్డును ముందు డిస్టిల్డ్ వాటర్‌తో తోమాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు చాలు, పక్కనున్న యాసిడ్ డబ్బా కాదు సుమా. ఆ తర్వాత ఆల్కహాల్ పోస్తే మిగిలిన నీటిని వెంటబెట్టుకుని ఆవిరవుతుంది. రేకు మూతల కింద, ర్యామ్ స్లాట్లలో, తెరకు వెళ్లే కనెక్టర్‌లో రెండుసార్లు చూడాలి. ఆ కనెక్టర్‌లో, తెరకు వెనకనుంచి వెలుగిచ్చే బ్యాక్‌లైట్ పిన్ను మిగతావాటికంటే ఎక్కువ వోల్టేజీ మోస్తుంది కాబట్టి తడికి ముందు మాడేది తరచూ అదీ, దాని పక్కదీ. యంత్రం నడుస్తున్నా తెర చీకటిగా ఉంటే టార్చి వేసి ఏటవాలుగా చూడండి. లీలగా బొమ్మ కనిపిస్తే పోయింది బ్యాక్‌లైటే.

'ఇప్పుడైనా రానా' అని తమరి గొంతు వినిపిస్తోంది. ఆగండి, ముందు మల్టీమీటరు. బ్యాటరీ, అడాప్టర్ రెండూ లేకుండా నల్ల ప్రోబ్ స్క్రూ రంధ్రం మీద, ఎర్ర ప్రోబ్ 19 వోల్టుల లైను మీద. సున్నా దగ్గర చూపి బీప్‌మంటే షార్ట్ సర్క్యూట్. ప్రాసెసర్ పక్కన వరసగా ఉండే కాయిల్స్ (తీగ చుట్టలు) మాత్రం బాగున్న బోర్డులో కూడా ఒకటి రెండు ఓమ్‌లే, ఒక్కోసారి అంతకంటే తక్కువే చూపిస్తాయి, మీటరు అరుస్తుంది. ఆ అరుపుకే ప్రాసెసర్ పోయిందని తేల్చేసి హాట్ ఎయిర్ గన్ ఎత్తేవాళ్లు మీ మేనల్లుళ్లు అయ్యుంటారు.

19 వోల్టుల లైనులో షార్ట్ ఉంటే అడాప్టర్ గుచ్చగానే దాని లైటు ఆరిపోతుంది, లేదా మిణుకుతుంది. నేరస్థుడు తరచూ ఆవగింజంత సిరామిక్ కెపాసిటర్. దాన్ని పట్టుకునే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఆ లైనులోకి, వోల్టులూ ఆంపియర్లూ మనమే పెట్టుకోగల బెంచ్ పవర్ సప్లై నుంచి 1 వోల్టు, రెండు మూడు ఆంపియర్ల హద్దు పెట్టి పంపుతారు. బోర్డు మీద ఆల్కహాల్ పలచగా పూస్తారు. తడి మెరుపు అంతటా నిలిచి ఉండగా ఒక్కచోట మాత్రం గుండ్రంగా ఆరిపోతుంది. వేలు పెడితే చురుక్కుమంటుంది. పీకేస్తే షార్ట్ పోతుంది. అదే లైనులో దాని తోబుట్టువులు ఇంకా ఉంటారు కాబట్టి చాలాసార్లు ఒకటి లేకపోయినా బండి నడుస్తుంది, కొత్తది వేస్తే మరీ మంచిది.

కీబోర్డుది మరో గోల. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు కీలు ఒకేసారి మూగబోతే, అవి లోపల ఒకే గీత మీద ఉన్నాయని, ఆ గీత తెగిందని అర్థం. పవర్ బటన్ కీబోర్డులోనే ఉన్న మోడళ్లలో తడే బటన్ నొక్కుతుంది, యంత్రం దానంతటదే లేచి దానంతటదే పడుకుంటుంది. అంటే మీరు లోపలే కాపురం పెట్టేశారన్నమాట. కీబోర్డు రిబ్బన్ తీసి యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే దోషం ఎవరిదో తేలిపోతుంది. రిబ్బన్ తాళం ఎత్తకుండా లాగితే కనెక్టరే ఊడి వస్తుంది. చాలా మోడళ్లలో కీబోర్డును 'సీ ప్యానెల్' అనే పై తొడుగుకు ప్లాస్టిక్ చుక్కలు కరిగించి అతికిస్తారు. కాబట్టి దుకాణంవాళ్లు 'సీ ప్యానెల్ మొత్తం మార్చాలి సార్' అంటే ప్రతిసారీ మోసం కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజులకొద్దీ నీళ్లలో ఉన్నప్పుడు మునిగినవి టీ గ్లాసు కేసులు కావు. నిండా మునిగినదానికి చలేమిటని వాటిని తమరికే అప్పగించవచ్చు. కానీ లోపల ఫొటోలుంటాయి, పిల్లల సర్టిఫికెట్లుంటాయి. తిరిగే హార్డ్ డిస్క్‌లో పళ్లెం మీద తల ఎగిరే ఎత్తు పొగ రేణువుకంటే తక్కువ, అక్కడ బురద ఉండగా తిప్పితే మిగిలేవి గీతలే. దాన్ని ఆరబెట్టకుండా తడిగానే జిప్ కవర్‌లో పెట్టి డేటా రికవరీ వాళ్లకు ఇవ్వాలి, బురద ఎండితే పళ్లెం మీద అట్ట కడుతుంది. తిరిగే పళ్లెం లేని, చిన్న పలకలాంటి ఎం.2 ఎస్ఎస్‌డీ అయితే ఒక్క స్క్రూ విప్పి, కడిగి ఆరబెట్టి, యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి చదవొచ్చు. అది ఎన్‌వీఎంఈ రకమో సాటా రకమో చూసుకుని కేసింగ్ కొనాలి, డిస్కుకు విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ వెతుక్కోవాలి. స్టోరేజిని బోర్డుకే అతికించిన కొత్త మ్యాక్‌బుక్‌లకు ఈ దారి లేదు.

ఇంత తతంగమూ అయ్యాక మిమ్మల్ని పిలుస్తారు. బల్ల మీద బోర్డు, హీట్‌సింక్, ఫ్యాన్, ఒక్క ర్యామ్ మాత్రమే ఉంటాయి. వైఫై కార్డు, కెమెరా, టచ్‌ప్యాడ్ అన్నీ పక్కన. బెంచ్ సప్లైలో 19 వోల్టులు, 1 ఆంపియర్ హద్దు. బటన్ ముట్టకముందే ఆంపియర్లు పాకుతుంటే మీకు ఆ రోజు కూడా ప్రవేశం లేదు. అంకె సున్నాకు దగ్గర్లో నిలకడగా ఉంటే హద్దు కాస్త పెంచి, తమరు దయచేసి ఒక్కసారి, ఒకే ఒక్కసారి నొక్కవచ్చు.

ఇట్లు,
మీటరు పట్టుకుని కూర్చున్న
చిప్ లెవెల్ రిపేరు బల్ల

తా.క.: ఈ ఉత్తరం అందేలోపే యంత్రం బియ్యం డబ్బాలోకి వెళ్లి వచ్చి ఉంటే, హెడ్‌ఫోన్ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. ఆ రంధ్రం 3.5 మిల్లీమీటర్లు, సోనా మసూరి గింజ సుఖంగా దూరుతుంది. గుండుసూదితో పొడిస్తే ఇంకా లోపలికి పోతుంది. యంత్రాన్ని పక్కకు ఒరగబెట్టి, మెల్లగా తట్టండి.