ఎక్స్-రే ఆకాశం ఎచ్చెర్లకూ అంతే దూరం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బీఎస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలకు పరిశోధన అనగానే బెంగళూరో, పుణెనో గుర్తొస్తుంది. మన దగ్గర పెద్ద టెలిస్కోపు లేదు కాబట్టి ఖగోళశాస్త్రం మనకు కుదరదని పెద్దలే తేల్చేస్తున్నారు. మన పాలపుంతలాంటి స్పైరల్ (సుడి ఆకారపు) గెలాక్సీల చుట్టూ ఉన్న వేడి వాయువు విషయంలో ఈ మాట అస్సలు నిలబడదు. ఆ వాయువు వెలిగేది ఎక్స్-కిరణాల్లో; వాటిని భూమి వాతావరణం కిందికి రానివ్వదు. మీరు హార్వర్డ్‌లో ఉన్నా, శ్రీకాకుళం పక్కనున్న ఎచ్చెర్లలో ఉన్నా టెలిస్కోపు అంతరిక్షంలోనే ఉండాలి.

ఈ వాయువు కథ ఇదీ. పాలపుంత చుట్టూ పది లక్షల డిగ్రీల వాయువు ఉండాలని 1956లోనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త లైమన్ స్పిట్జర్ ప్రతిపాదించారు. స్పైరల్ గెలాక్సీల్లో కనిపించే నక్షత్రాలనూ, చల్లటి వాయువునూ కలిపినా, అక్కడ ఉండాల్సిన మామూలు పదార్థంలో సగం కూడా లెక్కకు రావడం లేదు. మిగతాదాంట్లో కొంతైనా ఈ వేడి వాయువులో ఉండొచ్చు. 1999లో చంద్ర, ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అనే ఎక్స్-రే అబ్జర్వేటరీలు కక్ష్యలోకి వెళ్లాక వెతుకులాట జోరందుకుంది. పాలపుంత చుట్టూ వేడి వాయువు 3 లక్షల కాంతి సంవత్సరాల దాకా వ్యాపించి ఉండొచ్చని, గెలాక్సీలోని నక్షత్రాలన్నిటితో సరితూగేంత బరువు ఉండొచ్చని 2012లో చంద్ర డేటాతో అంచనా వేశారు. అరసవల్లిలో మనం మొక్కే సూర్యుడి కరోనాకు (బయటి వాతావరణానికి) ఎంత వేడో, ఆ వాయువుకూ ఇంచుమించు అంతే వేడి.

అంత వేడిదీ కనబడదేం? మరీ పలచన. పైగా సాంద్రత సగానికి తగ్గితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అసలు పని ఇక్కడే మొదలవుతుంది, నన్ను కట్టిపడేసేదీ ఇదే. చంద్ర డేటా ఫైలు తెరిస్తే ముందు ఫోటో రాదు, పెద్ద పట్టిక వస్తుంది. డిటెక్టర్‌ను తాకిన ఒక్కో దెబ్బకు ఒక్కో వరుస: ఎప్పుడు తగిలింది, ఎక్కడ తగిలింది, ఎంత శక్తితో తగిలింది. వాటిలో చాలావాటికి మనం వెతికే గెలాక్సీతో సంబంధమే ఉండదు. కొన్ని ఎక్కడో ఉన్న బ్లాక్‌హోల్స్‌వి, కొన్ని నేరుగా డిటెక్టర్‌ను గుద్దిన కణాలవి. మన పాలపుంత వాయువు నుంచీ, సౌర పవనం నుంచీ వచ్చే ఆక్సిజన్ వెలుగైతే సరిగ్గా మనకు కావాల్సిన శక్తి దగ్గరే వచ్చి కూర్చుంటుంది. ఇవన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే, చివర్లో మిగిలిన కాస్తంతే అసలు వాయువు. ఈ పనికి కావాల్సింది ఓపిక, గణాంకశాస్త్రం, ఒక కంప్యూటర్. సాఫ్ట్‌వేర్ ఉచితం, డేటా ఆర్కైవ్ అందరికీ తెరిచే ఉంది. శ్రీహరికోట నుంచి 2015లో మనం పంపిన ఆస్ట్రోశాట్ అనే ఖగోళ ఉపగ్రహం డేటా కూడా అంతే.

ఉద్దానంలో కిడ్నీ రోగులు డయాలసిస్ కోసం తిరుగుతుంటే ఈ గెలాక్సీల గోల ఎందుకని కొందరు అడుగుతారు. ఆ బాధ నిజం. కానీ ఉద్దానం నీళ్లలో, మట్టిలో ఏముందో తేల్చాలన్నా, గందరగోళంగా ఉన్న కొలతల్లోంచి అసలు కారణాన్ని విడదీయగలవాళ్లే కావాలి. అలాంటివాళ్లను మనం తయారు చేయడం లేదు. సీనియర్ల రికార్డు బుక్కు చూసి లోలకం ప్రయోగం రాసేయడం, డిగ్రీ అవ్వగానే గ్రూప్స్ కోచింగ్‌కు పరిగెత్తడం: మన కాలేజీల్లో ఫిజిక్స్ ఇలా తయారైంది. తప్పు పిల్లలది కాదు. జవాబు ముందే తెలిసిన ప్రయోగాలు తప్ప మనం వాళ్లకు ఇంకేమీ ఇవ్వలేదు.

1874లో విశాఖలో అంకితం వెంకట నర్సింగరావు శుక్ర గ్రహం సూర్యుడి మీదుగా దాటడాన్ని పరిశీలించారు. దానికి మామగారు గోడే వెంకట జగ్గారావు కట్టించిన సొంత అబ్జర్వేటరీ కావాల్సి వచ్చింది. అంటే జమీందారీ డబ్బు. ఇప్పుడు ఒక కంప్యూటర్ ల్యాబ్ చాలు.

ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం దీన్ని ఫైనలియర్ ప్రాజెక్టుగా పెట్టాలి. మొదటి గెలాక్సీగా ఎన్‌జీసీ 1961ని ఇవ్వొచ్చు. ఈ భారీ స్పైరల్ చుట్టూ వేడి వాయువును 2011లో చంద్ర డేటాతోనే పట్టుకున్నారు. ముందు అదే డేటాతో ఆ ఫలితాన్ని మన పిల్లలు మళ్లీ రాబట్టాలి, ఎక్కడ తేడా వచ్చిందో వాళ్లే వెతకాలి. వచ్చే విద్యా సంవత్సరంలోనే, నలుగురు విద్యార్థులతోనైనా సరే, దీన్ని మొదలుపెట్టొచ్చు.