మాగబెట్టిన న్యాయం

సుప్రీంకోర్టులో పెండింగ్ కేసులు 80 వేలు దాటాయని పేపర్లో వచ్చిన ప్రతిసారీ మనవాళ్లు గుండెలు బాదుకుంటారు. ఎందుకో నాకర్థం కాదు. మామిడికాయ కోసిన రోజే తింటామా? గదిలో వరిగడ్డి పరిచి, వరసగా పేర్చి, మీద ఇంకాస్త గడ్డి కప్పి, వాసన గుమ్మం దాటాక కదా తలుపు తీస్తాం. మన అత్యున్నత న్యాయస్థానం 1950 నుంచి ఎంతో ఓపిగ్గా నడుపుతున్న ఈ పద్ధతికి ఇంతవరకూ ఒక పేరంటూ లేకపోవడం విచారకరం. లా కాలేజీల వాళ్ల సౌకర్యం కోసం నేనే పెడుతున్నాను: మాగుడు సిద్ధాంతం.

సిద్ధాంతం సులువు. ప్రశ్న పచ్చిగా ఉండగా జవాబు చెప్పకూడదు. ముందు నోటీసు ఇవ్వాలి, తర్వాత అవతలివాళ్ల జవాబు, అంటే కౌంటర్ అడగాలి, ఆ కౌంటర్‌కు రిజాయిండర్ అనే ఎదురుజవాబు అడగాలి. అలాంటివే ఇంకో యాభై పిటిషన్లు ఉంటే అన్నీ కలిపి మూట కట్టాలి. మూట బరువైందని పెద్ద బెంచికి పంపాలి. ఈలోగా ప్రశ్న దానంతటదే పండి రాలిపోతుంది.

నోట్ల రద్దునే తీసుకోండి. 2016 నవంబర్ 8 రాత్రి పాత 500, 1,000 నోట్లు పోయాయి. డిసెంబర్‌కల్లా కేసు రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. ఆ రోజుల్లో నేను ఏటీఎం క్యూలో ఉన్నాను. నా ముందాయన చెప్పుల జత క్యూలో వదిలి టీ తాగడానికి వెళ్లాడు. ఆ చెప్పులకు అందరూ మనిషికిచ్చే మర్యాదే ఇచ్చారు. క్యూ కదిలినప్పుడల్లా ఎవరో ఒకరు కాలితో ఒక బెత్తెడు ముందుకు జరిపేవారు. ఆయన రెండో టీ కూడా తాగి వచ్చేసరికి మెషిన్‌లో డబ్బు అయిపోయింది, చెప్పులు మాత్రం మొదటి వరసకు చేరాయి. రాజ్యాంగ ధర్మాసనం ముందున్న పిటిషన్ అంటే ఏమిటో నాకు ఆ జత చూశాకే తెలిసింది.

తీర్పు 2023 జనవరి 2న వచ్చింది. అయిదుగురిలో నలుగురు రద్దు సక్రమమే అన్నారు. జస్టిస్ నాగరత్న ఒక్కరే చట్టవిరుద్ధమన్నారు. అయినా జరిగిపోయిందేదో జరిగిపోయింది, ఇప్పుడు వెనక్కి తిప్పలేం అన్న సంగతి ఆమె కూడా ఒప్పుకున్నారు. గెలిచినా ఓడినా మన చేతికి వచ్చేది ఒకటే. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని పెద్దలు ఊరికే అనలేదు. ఆ తర్వాత అయిదు నెలలు తిరక్కముందే, ఆ రద్దు కడుపున పుట్టిన 2,000 నోటును కూడా రిజర్వ్ బ్యాంక్ వెనక్కి తీసుకుంటానంది. తీర్పు ఇంకాస్త ఆగి ఉంటే తల్లికీ పిల్లకీ ఒకే రోజు దినం పెట్టేసేవాళ్లం.

పేరు బయటపడకుండా పార్టీలకు చందాలిచ్చే ఎన్నికల బాండ్ల మీద 2017లో పిటిషన్ వేస్తే, 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు జడ్జీలూ ఒక్కమాటగా రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఈలోగా 16 వేల కోట్ల పైచిలుకు బాండ్లు అమ్ముడుపోయాయి, ఒక లోక్‌సభ ఎన్నిక కూడా అయిపోయింది. బారసాల భోజనాల దగ్గర జాతకాలు కుదరలేదని చెప్పినట్టు.

కృష్ణా జలాల సంగతి మనకు కొత్త కాదు. రాష్ట్రాల మధ్య ఆ నీళ్ల వాటాలు తేల్చడానికి బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 2004లో పుట్టి 2010 డిసెంబర్‌లో తీర్పిచ్చింది. దాన్ని గెజిట్‌లో వేయొద్దని 2011 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆపింది. తర్వాత రాష్ట్రం రెండైంది. స్టే మాత్రం ఒక్కటిగానే నిలిచింది.

శిష్యులు ఈ సిద్ధాంతాన్ని ఎంత బాగా వంటబట్టించుకున్నారో చూడాలంటే తెలంగాణకు రావాలి. కారు గుర్తు మీద గెలిచిన పదిమంది ఎమ్మెల్యేలు చెయ్యి పట్టుకున్నారని, వాళ్ల మీద వేటు వేయాలని బీఆర్ఎస్ వాళ్లు స్పీకర్‌కు పిటిషన్లు ఇచ్చారు. స్పీకర్ వాటిని గడ్డిలో పెట్టారు. సహేతుకమైన సమయంలో తేల్చండి అని హైకోర్టు డివిజన్ బెంచ్ అంది. సహేతుకం అంటే ఎంత అని మళ్లీ ఢిల్లీలో వాదన. సభ గడువు అయిదేళ్లు కాబట్టి సహేతుకం ఆరో ఏట వస్తుందని మా టీకొట్టు దగ్గర ఒకాయన భాష్యం చెప్పాడు. చివరికి 2025 జులై 31న సుప్రీంకోర్టు, ఆపరేషన్ సక్సెస్ పేషెంట్ డెడ్ అన్నట్టు కాకూడదంటూ మూడు నెలల్లో తేల్చమంది. మాగుడు సిద్ధాంతం అభిమానిగా నా మనసు చివుక్కుమంది. పేషెంట్ల విషయంలో ఇంత అనుభవం ఉన్న ఆస్పత్రి పక్క ఆస్పత్రిని అలా అనొచ్చా? అక్టోబర్ ఆఖరుకు గడువు తీరింది. స్పీకర్ ఇంకా టైం కావాలన్నారు. నవంబర్ 17, సోమవారం నాడు కోర్టు ధిక్కార నోటీసు ఇచ్చింది. దాంతోపాటు ఇంకో నాలుగు వారాలు కూడా ఇచ్చింది. కసిరి, చేతిలో బెల్లం ముక్క పెట్టినట్టు.

అదే వారం గురువారం, ఆ నోటీసు ఇచ్చిన అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయ్ నాయకత్వంలో అయిదుగురి ధర్మాసనం రాష్ట్రపతి అడిగిన 14 ప్రశ్నల మీద అభిప్రాయం చెప్పింది. బిల్లుల విషయంలో గవర్నర్లకు, రాష్ట్రపతికి కోర్టు గడువు పెట్టకూడదని తేల్చింది. మరీ కారణం చెప్పకుండా ఏళ్లతరబడి కదలకపోతే మాత్రం, కాస్త చూడండి అని అడగొచ్చట. మరి ఏప్రిల్‌లో తమిళనాడు బిల్లుల కేసులో ఇదే కోర్టు జడ్జీలు ఇద్దరు వాళ్లకు గడువులు పెట్టారు కదా అంటారేమో. అది పచ్చికాయ. సోమవారం గడువు ఉండటం, గురువారం లేకపోవడం ఏమిటని టీవీల్లో కొందరు టెన్షన్ పడ్డారు. చట్టం తెలియక వచ్చే తంటా ఇది. ఫిరాయింపు కేసుల్లో స్పీకర్ ట్రిబ్యునల్ హోదాలో కూర్చుంటారు, గవర్నర్ గవర్నర్ హోదాలో కూర్చుంటారు. ఇద్దరూ కూర్చునే ఉన్నారా లేదా అన్నది ముఖ్యం.

కోర్టులో సంస్కరణలు లేవనడం కూడా అన్యాయం. జడ్జీల లైబ్రరీలో కొత్త న్యాయదేవత విగ్రహం పెట్టారని 2024 అక్టోబర్‌లో బయటికొచ్చింది. కళ్లకు గంతలు తీసేశారు, కత్తి స్థానంలో రాజ్యాంగం పెట్టారు. ఫైళ్ల గుట్టలు ఇప్పుడు ఆమెకు స్పష్టంగా కనిపిస్తాయి. మరుసటి నెలలోనే వేసవి సెలవుల పేరు కూడా మార్చారు. ఇకనుంచి అవి పాక్షిక పనిదినాలు.

ఈ శుభవార్త మా బాబాయికి చెప్పాను. ఆయనకు ఊళ్లో ఒక గట్టు తగాదా ఉంది. నేను పుట్టక ముందు వేసిన దావా. ఆ గట్టు మీద చెట్టు కూడా పడిపోయింది, దావా మాత్రం నిలబడే ఉంది.

"ఇక్కడ ఓడిపోతే సుప్రీంకోర్టు దాకా వెళ్తానురా," అన్నాడు, వాయిదా కాగితం మడిచి కళ్లజోడు డబ్బాలో పెట్టుకుంటూ. "వేసవిలో వెళ్తే సెలవులంటారేమో?"

"సెలవులు లేవు బాబాయ్. పాక్షిక పనిదినాలంట."

"నయమే," అన్నాడు. "అప్పటికి నేను కూడా పాక్షికంగానే ఉంటాలే."