మిక్కీ గారి గడపలో మన పులిహోర

ఫ్లోరిడా రాష్ట్రంలో ఆర్లాండో ఊరి పక్కన సుమారు 40 చదరపు మైళ్ల జాగాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ అని పెద్ద భోజనశాల ఒకటి ఉంది. 1971 అక్టోబరు 1న మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కుతో మొదలుపెట్టి, తర్వాత ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ అని మరో మూడు పార్కులు కలిపారు. టిఫినుకూ భోజనానికీ మధ్య జనానికి తోచదేమోనని రైళ్లు, పడవలు, ఒక కోట, రాత్రికి బాణసంచా కూడా ఏర్పాటు చేశారు. మిగతా ప్రపంచం దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంది. ముందు రైడ్ల జాబితా రాసుకుని, ఆకలేసినప్పుడు ఏదో ఒకటి కొనుక్కుని తింటూ తిరుగుతోంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఏం తింటామో తేలకుండా పొద్దున తొమ్మిదింటికి ఏ రైడూ ఎక్కకూడదన్న సంగతి పట్టుకున్నది తెలుగువాడొక్కడే. ఇంత ముఖ్యమైన విషయం మీద ఇంతవరకూ సరైన విధానమంటూ లేకపోవడం విచారకరం. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ఈ యాత్ర సాధారణంగా జూన్, జులై నెలల్లో పడుతుంది. పిల్లలకు బడి ఉండదు, ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చి ఉంటారు, ఫ్లోరిడాలో ఎండ మాడ్చేస్తూ ఉంటుంది, మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన కొడుతుంది. ఇంతకన్నా మంచి ముహూర్తం లేదు.

బస విషయంలో రాజీ పడకూడదు. పార్కు హోటళ్లలో మామూలు గదికి మంచాలుంటాయి, టీవీ ఉంటుంది, పొయ్యి ఉండదు. పొయ్యి లేని గదికి రాత్రికి అంత అద్దె కట్టేవాడికి మనవాళ్లు పిల్లనివ్వరు. అందుకే చుట్టుపక్కల ఊళ్లు కిస్సిమ్మీలోనో డావెన్‌పోర్ట్‌లోనో ఐదు బెడ్‌రూముల ఇల్లు తీసుకుంటాం. ఫొటోల్లో స్విమ్మింగ్ పూల్ చూసేది పిల్లలు. పెద్దవాళ్లు చూసేది పొయ్యికి ఎన్ని బర్నర్లున్నాయి, పొగ అలారం వంటింటికి ఎంత దూరంలో ఉంది అని. ఈ రెండోది మరీ ముఖ్యం. నూనెలో ఎండుమిర్చి పడిందంటే చాలు, అది ఇల్లెగిరిపోయేలా మోగుతుంది. కాబట్టి ఒకరు పోపు పెడుతుంటే ఇంకొకరు కుర్చీ ఎక్కి అలారం కింద తువ్వాలు విసురుతూ ఉండాలి. విసిరే పని మగవాళ్లది. అందులో రిస్కు ఎక్కువ.

ఇక పాలనా వ్యవస్థ. డాలస్ బావగారు ప్రోగ్రామ్ మేనేజర్ కాబట్టి ఎక్సెల్ షీట్ ఆయనది. రోజుకో ట్యాబు, పూటకో రంగు, రిస్కుల కాలమ్‌లో ‘పెరుగు పులియుట: హై’ అని ఎర్రగా రాసి ఉంటుంది. మా నాన్నగారు సలహా సంఘం. ‘ఇంతమందికి సరిపోతుందంటావా?’ అని గంటకోసారి అడగడం ఆయన బాధ్యత. మా అమ్మ నాణ్యతా విభాగం. ఉప్పు ఒక్క రవ్వ తక్కువైందని ఆవిడ చెప్పాక గానీ ఏ డబ్బాకీ మూత పడదు. నేను సమన్వయం, అంటే ఎవరి పని ఎంతవరకూ వచ్చిందో వాట్సాప్‌లో కనుక్కుంటూ ఉంటాను. అమలు విభాగం అని ఒకటుంది, అందులో మా ఆవిడ ఉంది. మా అక్కయ్య అప్పుడప్పుడూ డెప్యుటేషన్ మీద వెళ్తుంటుంది. ఇంత పెద్ద వ్యవస్థ ఇంత సాఫీగా నడుస్తోందంటే, బాధ్యతలు అందరూ సమానంగా పంచుకోవడమే కారణమని నా అభిప్రాయం.

పార్కు వాళ్ల నియమావళి చదవకుండా బయల్దేరిన కుటుంబం గేటు దగ్గర భంగపడుతుంది. తినడానికి బయటినుంచి తెచ్చుకోవచ్చని వాళ్లే రాశారు. మనం అంత దూరం వెళ్లేది ఆ ఒక్క వాక్యాన్ని నమ్ముకునే. కానీ షరతులున్నాయి. గాజు సీసాలు కూడదు. వేడి చేసుకోవాల్సినవీ, చల్లగా ఉంచాల్సినవీ కూడదు. కూలర్ 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటకూడదు. అందులో ఐస్ ప్యాకులు పెట్టుకోవచ్చు గానీ విడి ఐసు పోయకూడదు. అన్నిటికన్నా చివర, ఘాటైన వాసన వచ్చే పదార్థాలు కూడదట. ఎవరి ముక్కుకు అన్నది మాత్రం ఎక్కడా రాయలేదు.

ఈ చివరి షరతు మీద, ప్రత్యేకించి ఆవకాయ విషయమై, మా సంఘం రాత్రి పొద్దుపోయేదాకా చర్చించింది. జాడీలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మారిస్తే గాజు సమస్య తీరుతుంది. వాసన కోసం బావగారు డబ్బాని జిప్‌లాక్ కవర్లో, దాన్ని ఇంకో కవర్లో, దాన్ని మరో కవర్లో పెట్టి గాలి తీసేసి, హాల్లో అందరి ముక్కు దగ్గరికీ తీసుకెళ్లారు. అమ్మకి ఏ వాసనా రాలేదు. నాన్నగారికి వచ్చింది గానీ ఆయన దాన్ని అభ్యంతరంగా భావించలేదు. పిల్లలు ముక్కు మూసుకున్నారు. పిల్లలు పుట్టుకతో అమెరికా పౌరులు కాబట్టి ఈ దేశంలో వాళ్ల ముక్కే ప్రమాణమని తీర్మానించి, ఆవకాయని ఇంట్లో రాత్రి భోజనానికి కేటాయించాం.

పులిహోరకు ఇంత గొడవ లేదు, ఇంగువ కాస్త తగ్గిస్తే సరి. చింతపండు పడ్డాక దాన్ని ఫ్లోరిడా ఎండ కూడా ఏమీ చేయలేదు. పెరుగన్నం అలా కాదు, దానికి శాస్త్రం తెలియాలి. పొద్దున్నే పెరుగు కలిపి పట్టుకెళ్తే పన్నెండింటికల్లా నోట్లో పెట్టుకోలేం. అన్నం వేడిగా ఉండగానే మెత్తగా మెదిపి, కాచిన పాలు పలచగా అనిపించేంత పోసి, గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు తోడేసి మూత పెట్టాలి. ఆ తర్వాత అది వ్యానులో, మోనోరైల్లో, బజ్ లైట్‌ఇయర్ రైడు క్యూలో దానంతటదే తోడుకుంటూ వస్తుంది. ఒంటిగంటకు మూత తీస్తే గట్టిగా, కమ్మగా ఉంటుంది. చల్లగా ఉంచాల్సిన పదార్థాలు కూడదన్నారు కదా. ఇది వెచ్చగా ఉంచాల్సిన పదార్థం. నియమావళికి ఇంతగా లోబడిన వంటకం మరొకటి లేదు.

ఇందుకోసం అమలు విభాగం తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. లేస్తుంది. ‘మరీ నాలుగింటికెందుకు, నాలుగున్నరకి లే’ అని నేను చాలాసార్లు చెప్పాను. సెలవుల్లోనైనా మనిషికి విశ్రాంతి ఉండాలన్నది నా పట్టుదల.

కొత్తగా వచ్చినవాళ్లు డబ్బాలన్నీ వ్యానులోనే ఉంచుదాం, మధ్యాహ్నం వచ్చి డిక్కీ ఎత్తుకుని తిందాం అనుకుంటారు. తిరుపతి దారిలో అది ఉత్తమమైన పద్ధతే. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో చెల్లదు. కారు పెట్టే చోటికీ పార్కు గేటుకీ మధ్య పనిగట్టుకుని ఒక చెరువు తవ్వించి, దానికి సెవెన్ సీస్ లగూన్ అని పేరు పెట్టారు. మోనోరైలో పడవో ఎక్కి దాటాలి. మన కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఉంటుంది, ఇక్కడ ఆదమరిస్తే మన పులిహోర ఉంటుంది.

కాబట్టి సరుకంతా వెంట రావాల్సిందే, స్ట్రోలర్ మీద, అంటే పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి మీద. లాగుడు బండ్లని లోపలికి రానివ్వరు. స్ట్రోలర్ 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు మించకూడదు. కింద అరలో నీళ్లు, సీట్లో కూలర్, పిడికి డబ్బాల సంచి. మరి పిల్లవాడో? వాడు చంకలో. గేటు దగ్గర వాడు చంకలో ఉండటమే అన్ని విధాలా క్షేమం. మూడేళ్లు నిండనివాళ్లకు టికెట్టు లేదు, బఫేలో డబ్బు లేదు. అదే పిల్లవాణ్ని సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ అనే రైడు దగ్గర కిందికి దించి, జుట్టు పైకి దువ్వి, మెడ సాచి నిలబడమని చెప్పి, అది ఎక్కడానికి కావాల్సిన 38 అంగుళాల ఎత్తు కొలబద్ద ముందుకు తోయాలి. ఒక్క పూటలో అంత ఎదిగే పిల్లలు ప్రపంచంలో ఇంకెక్కడా లేరు.

లైట్నింగ్ లేన్ అని డబ్బు కట్టి క్యూ తప్పించుకునే ఏర్పాటు ఒకటుంది. తీసుకోవచ్చు గానీ పన్నెండున్నరకీ రెండుకీ మధ్య వచ్చే ఏ స్లాటూ మన విధానం ప్రకారం చెల్లదు.

ఎప్‌కాట్‌లో ఉన్నది దౌత్య సమస్య. అక్కడ ఒక చెరువు చుట్టూ మైలు పైచిలుకు నడిస్తే 11 దేశాలొస్తాయి: మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్, కెనడా. ప్రతి దేశానికీ దాని తిండి, దాని దుకాణం ఉన్నాయి. భారతదేశం లేదు. ఒక్క హైదరాబాద్‌లో ఉన్నంత జనం కూడా లేని నార్వే ఉంది. నాన్నగారు ఇది విని బాగా నొచ్చుకున్నారు. నిరసనగా జపాన్‌కీ మొరాకోకీ మధ్య ఒక అరుగు చూసుకుని కూర్చుని, అక్కడే డబ్బాలు విప్పించారు. వంతులవారీగా ఫాయిల్ కాగితాల్లో పులిహోర, దాని మీద వేరుశనగ గుళ్లు సమానంగా పడ్డాయా లేదా అని అమ్మ తనిఖీ. ఆ అరగంట పాటు పన్నెండో దేశం ఉన్నట్టే లెక్క. రాయబార కార్యాలయానికి తెలియజేయలేదు.

అసలేమీ కొనకూడదని ఈ విధానం చెప్పదు. అమ్మ చుర్రోని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది మన జంతికేరా, పంచదారలో పడింది’ అని అనుమతి మంజూరు చేసింది. ఐస్‌క్రీములా ఉండే అనాసపండు డోల్ విప్ కూడా పండే కాబట్టి ఏకాదశి నాడైనా తినొచ్చని తేల్చింది. టర్కీ కోడి కాలుని భీముడి గదలా పట్టుకుని కొరుక్కుంటూ పోతున్నవాళ్లని చూసి నాన్నగారు కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. మెనూలో చిన్న ఆకు గుర్తున్నవి మొక్కల నుంచి వచ్చినవి. ఆకు కనబడని చోట ఫ్రెంచ్ ఫ్రైస్ ఉంటాయి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అని ఒక రెస్టారెంటు ఉంది, కిటికీ బయట జిరాఫీలు మేస్తుంటే లోపల నాన్, ఉల్లిపాయ కుల్చా లాంటి రొట్టెలతో తొమ్మిది రకాల నంజుళ్లు తెచ్చిపెడతారు. ఉత్త నంజుళ్లకు జనం అంత డబ్బిస్తున్నారని తెలిసి అమ్మ తెల్లబోయింది. ఇన్నేళ్లుగా ఆవిడ వాటిని కంచం అంచున ఊరికే వడ్డిస్తోంది మరి.

నీళ్లు కొనేవాళ్ల గురించి రాయడానికి మనసొప్పడం లేదు. క్విక్ సర్వీస్ కౌంటర్లలో అడిగితే ఐసు వేసిన నీళ్లు కప్పుల్లో ఊరికే ఇస్తారు. అడగడానికి పిల్లల్ని పంపాలి, యాస వాళ్లదే బాగుంటుంది. ఇలా రోజూ ఎంత మిగిలిందో బావగారు రాత్రి షీట్‌లో వేసి గ్రూపులో పెడతారు. వంట మనిషి జీతం అనే కాలమ్ అందులో లేదు కాబట్టి లాభం బాగా కనబడుతుంది. ఆ లాభం మిక్కీ చెవులకూ, సాయంత్రం వానకు కొన్న ప్లాస్టిక్ కోట్లకూ సరిగ్గా సరిపోయింది.

చివరి రాత్రి బాణసంచా అయిపోయాక అమలు విభాగం తనంతట తానుగా ఒక ప్రశ్న వేసింది. ‘ఏమండీ, ఆ కోట లోపల ఏముంటుంది?’ రెస్టారెంటు ఉంటుందని చెప్పాను. సిండరెల్లా రాయల్ టేబుల్ అంటారు, రాకుమార్తెలు కూడా వచ్చి పలకరిస్తారు. కాసేపు ఆ కోట వంకే చూసి, ‘ఒక్క పూట అక్కడ కూర్చుని తినాలని ఉంది, ఎవరో ఒకరు వండింది’ అంది.

విజ్ఞప్తిని సంఘం మోనోరైల్లోనే సానుభూతితో పరిశీలించింది. నాన్నగారు కూడా అడ్డు చెప్పలేదు. వచ్చే ఏడాది యాత్రలో ఆవిడకి ఒక పూట కోటలో భోజనం ఇప్పించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. అలాంటి చోట్ల 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు, తెల్లవారి ఆరింటికల్లా ఫోన్ పట్టుకుని కూర్చుంటే గానీ దొరకదు. బావగారు అక్కడికక్కడే కొత్త ట్యాబు తెరిచి, ఓనర్ కాలమ్‌లో ఆవిడ పేరే రాశారు. అలారం కూడా ఆవిడ ఫోన్‌లోనే పెట్టాం. ఎలాగూ ఆ వేళకి లేచే ఉంటుంది కదా.